ముచ్చట ఒడ్డు మీదనే

తొమ్మిదేళ్ళు ఆ వంతెన మీద నడిచాను, రోజుకు రెండుసార్లు. ఆ వంతెనను చూసుకునే మనిషి పేరు మాత్రం నాకు తెలియదు. పిల్లల పేర్లు, వాళ్ళ తండ్రుల పేర్లు, ఇంటిపేర్లతో సహా పొద్దున్నే హాజరు పట్టీలో చదవడమే బతుకుతెరువుగా ఉన్నదాన్ని. ఒక్కసారి అడిగితే నా సొమ్మేం పోయేది? అడగలేదు. అందరూ బిర్జి పెద్దనాయిన అన్నారు, నేనూ అదే అన్నాను. ఈమధ్య ఆయన కూతురు రాసిన కార్డు వచ్చింది. అందులోనూ పేరు లేదు. "మా బాపు పోయిండు. పదకొండో దినం నాడు నువ్వు రావాలె అక్కా. నీతోని పని ఉన్నది" అని ఉంది. 'పని' అనే మాట చదవగానే కార్డు బోర్లా పెట్టేశాను. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ వంతెన సంగతి చెప్పాలి.

వర్ధన్నపేట దాటి, ఖమ్మం రోడ్డు వదిలి, మట్టిరోడ్డులో పోగా పోగా బస్సు ఇక పోలేనని ఆగే చోట ఒక వాగు ఉంది. వాగుకు ఇవతల అంగడి ఊరు, అవతల మగ్గాల ఊరు. కాగితాల మీద రెండింటికీ వేరే పేర్లున్నాయి గాని వాటితో పిలిచినవాళ్ళను నేను చూడలేదు. నూలు, బియ్యం, పోలీసు, దవాఖాన అన్నీ ఇవతల. నేత, తాటిచెట్లు, నేను పాఠం చెప్పే బడి అవతల. డెబ్బైల చివర నాకు అక్కడ ఉద్యోగం వచ్చినప్పుడు మా అమ్మను వెంటబెట్టుకుని అంగడి ఊళ్ళో గది తీసుకున్నాను. మాది వరంగల్ కొత్తవాడ, మగ్గాల ఇల్లే. తెగిన పోగులు అతకడం ఆరేళ్ళప్పటి నుంచి నా పని. "పోగు కొస ఏలాడితె ఇల్లు ఏలాడుతది" అని మా నాయనమ్మ అనేది. వేలాడే కొస కనిపిస్తే ముడి వేయకుండా ఉండలేని చెయ్యి నాది. అదీ ఎడమ చెయ్యి. నాయనమ్మ ఎన్ని దెబ్బలు వేసినా ముడి వేసేటప్పుడు ముందుకు వచ్చేది అదే.

ఇక వంతెన. ఖాళీ తారు డ్రమ్ములు జతలు జతలుగా నీళ్ళలో తేలుతుంటాయి. వాటి మీద మద్దిచెక్కలు పరిచి, అన్నింటినీ ఒక ఇనుప వైరుతాడుకు బిగించారు. ఇవతలి ఒడ్డున ఆ వైరు ఒక ఇనుప గుంజకు శాశ్వతంగా కట్టేసి ఉంటుంది. అవతలి ఒడ్డున మాత్రం దాని చివర ఒక ఇనుప కడియం, ఆ కడియాన్ని రాతిస్తంభానికి నాలుగు చుట్లు చుట్టి పట్టుకున్న నారతాడు, ఆ నారతాడుకు ఒక జారుముడి. వరద వచ్చినప్పుడు కొస పట్టుకుని ఒక్క గుంజు గుంజితే ముడి జారిపోతుంది, చుట్లు విడిపోతాయి, కడియం వదులుతుంది. వాగే వంతెనను తోసుకుంటూ తెచ్చి ఇవతలి ఒడ్డు వెంట పడుకోబెడుతుంది. గుంజకపోతే కొట్టుకొచ్చే చెట్లు అడ్డం పడి, గుంజ ఊడి, డ్రమ్ములతో సహా అంతా పోతుంది. నీళ్ళు తగ్గాక రెండు ఊళ్ళ మగవాళ్ళు తాళ్ళు వేసి, "జోర్ లగాకే... హైసా" అని అరుచుకుంటూ మళ్ళీ అవతలికి లాగుతారు. వదలడానికి ఒక మనిషి చాలు, లాగడానికి నలభై మంది కావాలి.

ఆ ఒక్క మనిషి ఈయన. పొట్టి మనిషి, చెవులకు పోగులు, తలకు ఎర్ర తువ్వాల. ఎప్పుడూ గుసగుసగానే మాట్లాడేవాడు. "నీళ్ళు తాగినవా బిడ్డా" అన్నా ఏదో రహస్యం చెబుతున్నట్టే ఉండేది. గొంతు పోయిందేమో అనుకున్నాను మొదట్లో. ఒకసారి అడిగితే, "ఉన్నది బిడ్డా, వాగు కోసం దాసిపెట్టిన" అన్నాడు. ఆ దాచిపెట్టిన గొంతు వర్షాకాలం రాగానే విన్నాను. వాగు మోత మీదుగా, రెండు ఊళ్ళ ఇళ్ళలోకి వినపడేది. "ఇడుస్తానో..." అని, వదిలేస్తున్నానని, మూడుసార్లు పిలిచి, మూడోసారి కాగానే గుంజేవాడు.

"మొదటి పిలుపు మనుషులకు. రెండోది గొడ్లకు. మూడోది వాగుకు బిడ్డా. ఇగ దాని తర్వాత మా అవ్వ వచ్చి నిలవడ్డా ఆగ."

అన్నట్టుగానే చేసేవాడు. ఒకసారి అంగడి ఊరి నూలు సావుకారు అవతల చీరలు చూసుకుని వస్తూ, రెండో పిలుపు విని పరుగెత్తుకొచ్చాడు. పది అడుగుల దూరంలో ఉండగా మూడో పిలుపు అయింది. ఆయన కళ్ళ ముందే వంతెన కదిలిపోయింది. పంచె ఎగ్గట్టి ఒగరుస్తూ సావుకారు అరిచాడట, "నేనెవరనుకుంటానవ్ రా?"

"నాకు తెల్సు సేటూ. వాగుకు తెల్వది" అన్నాడట ఈయన, గుసగుసగా.

సావుకారు రెండు రోజులు మగ్గాల ఊళ్ళో ఇరుక్కుని, తను నూలు ఇచ్చే ఇంట్లోనే జొన్నరొట్టె తిన్నాడు. ఆ కథ చెప్పుకుని జనం ఏడాది నవ్వుకున్నారు. సావుకారు మాత్రం నవ్వలేదు.

ఇందులో తమాషా ఏమిటంటే, సావుకారుతో పాటు ఈయన కూడా ఇరుక్కున్నాడు. ఈయన ఇల్లు అంగడి ఊళ్ళో ఉంది, గుంజే కొసేమో అవతలి ఒడ్డున. వంతెన వదిలిన ప్రతిసారీ ఇంటికి పోలేక, నేతవాళ్ళ ఇళ్ళలో తిని, తిన్నందుకు వాళ్ళకు నూలు కండెలు చుట్టిపెట్టి, వాగు తగ్గేదాకా కాలక్షేపం చేసేవాడు. "వాగచ్చినన్ని దినాలు నాకు మొగడు లేడు" అని ఆయన భార్య బోరింగు దగ్గర అందరితో అనేది. రాతిస్తంభం మన వైపే పాతించుకోవచ్చు కదా, పెద్దనాయినా, అని నేనూ అడిగాను.

"నా ఇంటి దిక్కు ఉంటె ఇంటికి పోవాలెనని జల్ది ఇడుస్త. గీ దిక్కున ఉంటె ఇడిసినంక నేను గూడ ఇరుక్కుంట గద. ఇరుక్కునేటోడే సోంచాయించి ఇడుస్తడు."

రోజూ పొద్దున కర్రతో ఒక్కొక్క డ్రమ్మూ కొట్టి చూసేవాడు. మోతను బట్టి లోపల నీళ్ళు చేరాయో లేదో తెలిసేది. చిల్లుపడి నీళ్ళు పట్టిన డ్రమ్ముకు ఊళ్ళో తాగేవాళ్ళ పేర్లు పెట్టేవాడు. "గీ పటేల్ రాత్రి మల్ల తాగిండు, గుంజి ఎండల పండవెట్టాలె" అనేవాడు. వంతెన మీద చెప్పులు వేసుకునేవాడు కాదు, కూర్చునేవాడు కాదు. ఎవరైనా నడుమ నిలబడి మాటల్లో పడితే మాత్రం ఊరుకునేవాడు కాదు. దగ్గరికి వచ్చి చెవిలో, "ముచ్చట ఒడ్డు మీద. బిర్జి మీద నడుసుడే" అనేవాడు. హెడ్మాస్టరుకైనా అదే మాట, మేకల మనిషికైనా అదే మాట.

నా చేతి సంగతి ఆయన కనిపెట్టిన తీరు చెప్పాలి. పట్టుకుని నడవడానికి వంతెనకు ఒక పక్కనే తాడు ఉండేది, ఎగువ వైపున. బడికి పోయేటప్పుడు అది నా కుడిచేతి వైపు వచ్చేది, ఇంటికి వచ్చేటప్పుడు ఎడమచేతి వైపు. చేరిన వారం రోజులకే నన్ను ఆపి అన్నాడు, "పొద్దుగాల పిల్లిలెక్క భయపడుకుంట పోతవ్, పొద్దుమీకి దర్జాగ వస్తవ్. నువ్వు ఎడమచేతి పిల్లవు బిడ్డా." నా పెళ్ళిచూపుల్లో మా అమ్మ దాచిపెట్టిన గుట్టును ఈయన తాడు పట్టుకున్న తీరును బట్టి చెప్పేశాడు. నాకు నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది.

ఇంకొకటి. రాతిస్తంభం దగ్గర పోరగాళ్ళు ఆ జారుముడిని కెలుకుతున్నారని, ఒక బోర్డు రాసిమ్మని నన్నే అడిగాడు. ఆయనకు చదువు రాదు. రేకు మీద తెల్లరంగుతో నేనే రాశాను: 'ఈ ముడిని ఎవ్వరూ ముట్టరాదు.' గుండ్రని అక్షరాలు, రెండు కిందుగీతలు. అది వేలాడదీసి చాలాసేపు చూసుకున్నాడు. "మంచిగున్నది. ఏం రాసినవో నాకు తెల్వది గని, సూస్తెనే భయమైతాంది" అన్నాడు. నాకు మహా గర్వంగా ఉండింది.

అది నా రెండో వర్షాకాలం. శ్రావణ మాసం, అంగడి రోజు. అంగడి రోజున బడికి సగం మంది పిల్లలు రారు కాబట్టి హెడ్మాస్టరు ఒంటిపూటకే వదిలేశాడు. సంచిలో ఒక కవరు ఉంది. వరంగల్‌కు బదిలీ అడిగితే కుదరదని వచ్చిన జవాబు. దాన్ని మనసులో నములుకుంటూ అవతలి ఒడ్డుకు వచ్చాను. సన్నగా తుంపర. ఎదురుగా అంగడి నుంచి నూలు మూటలు నెత్తిన పెట్టుకుని నేతవాళ్ళు వస్తున్నారు. ఇరుకు వంతెన, ఒకవైపు వాళ్ళు దాటేదాకా రెండోవైపు వాళ్ళు ఆగాలి. పెద్దనాయిన నడుమ ఎక్కడో మోకాళ్ళ మీద వంగి, పగిలిన చెక్క మారుస్తున్నాడు. నేను రాతిస్తంభం పక్కన, నా బోర్డు కిందనే, గొడుగు పట్టుకుని నిలబడ్డాను.

నాలుగైదు నిమిషాలు నిలబడి ఉంటాను. నా ఆలోచన అంతా ఆ కవరు మీదే ఉంది. కళ్ళ ముందు ఒక తడి నారతాడు కొస గాలికి అటూ ఇటూ ఊగుతోంది. నా ఎడమ చెయ్యి పోయి దాన్ని పట్టుకుంది, ముడి లోపలి నుంచి తీసింది, చుట్టు తిప్పింది, మళ్ళీ దూర్చి బిగించింది. కొత్తవాడలో పదిహేనేళ్ళు చేసిన పని, దానికి నా అనుమతి అక్కర్లేదు. నూలు మూటలవాళ్ళు దాటేశారు. తువ్వాల ఊపి రమ్మన్నాడు పెద్దనాయిన. నడిచి వెళ్ళిపోయాను. ముడి వేసిన సంగతి కూడా నాకు గుర్తు లేదు.

నడుమ ఆయన పక్క నుంచి పోతుంటే గుసగుసగా అన్నాడు, "జల్ది నడువు. నీళ్ళ వాసన మారింది. మీద ఎక్కడ్నో గట్టిగ కొట్టింది వాన." ఆయన చెక్క బిగించి అవతలికి వెళ్ళాడు, నేను ఇవతలికి వచ్చాను.

ఇంట్లో కంచం ముందు కూర్చున్నాను. రెండు ముద్దలు తిన్నానో లేదో, మొదటి పిలుపు వినపడింది. అందరిలాగే నేనూ ఒడ్డుకు పరుగెత్తాను. అంగడి మొత్తం అక్కడే ఉంది. వాగు ఎర్రగా, ఇందాకటి కంటే రెండు మెట్లు పైకి వచ్చేసింది. వంతెన మీద ఆఖరున ఉన్న ఇద్దరు ఆడవాళ్ళు పరుగెత్తి గట్టెక్కారు. రెండో పిలుపుకు మేకల మనిషి తన ఆరు మేకలను తోలుకుని ఇవతలికి దూకాడు. వంతెన ఖాళీ అయింది. ఎగువన వంపులో ఒక పెద్ద చెట్టు, వేళ్ళతో సహా, తిరుగుతూ వస్తోంది. మూడో పిలుపు వినపడింది. ఆయన కొస పట్టుకుని వెనక్కి వాలి గుంజాడు.

వంతెన కదల్లేదు.

మళ్ళీ గుంజాడు. కాలు రాతికి తన్నిపెట్టి గుంజాడు. నడుమ డ్రమ్ములు దిగువకు వంగి, వంతెన మొత్తం గుమ్మానికి కట్టిన తోరణంలా సాగింది. మా కాళ్ళ దగ్గర ఇనుప గుంజ కిర్రుమంది, చుట్టూ మట్టి పగిలింది. "ఇడువురా! ఏం సూస్తానవ్? ఇడువు!" అని సావుకారు పక్కనే గొంతు చించుకుంటున్నాడు. అవతల పెద్దనాయిన గుంజడం ఆపి, వంగి ముడిని చూశాడు. అంత దూరం నుంచి ఆయన తల వంచిన తీరు చూడగానే నా ఎడమ చేతికి అంతా గుర్తుకొచ్చింది. వేళ్ళ మీద తడి నార గరుకు ఇంకా ఉంది.

"ముడి! ముడి పడింది!" అని అరిచాను. పక్కనే ఉన్న మా అమ్మకు కూడా వినపడలేదు. వాగు అరుపులో అందరి అరుపులూ ఒక్కటే.

పళ్ళతో పట్టి లాగాడు. తడిసిన నార ఉబ్బి రాయిలా ఉంటుంది, రాదు. అప్పుడు మొలలో కొడవలి తీశాడు. ఇక్కడ ఒక సంగతి తెలియాలి. గుంజేటప్పుడు ఎప్పుడూ ఆయన పది అడుగుల వెనక, కొస పట్టుకుని, కడియానికి దూరంగా ఉండేవాడు. కొయ్యాలంటే కడియం పక్కనే, దాని దారిలోనే నిలబడాలి. నిలబడ్డాడు. చెట్టు వచ్చి నడుమ డ్రమ్ములకు తగిలింది. ఒకటి, రెండు, మూడు దెబ్బలు వేశాడు కొడవలితో. నాలుగో దెబ్బకు తాడు తెగి, కడియం విసురుగా లేచింది. ఆయన కింద పడ్డాడు. వంతెన వదులైంది. చెట్టును దాటిపోనిచ్చి, గిర్రున తిరిగి, మా ఒడ్డు వెంట వచ్చి పడుకుంది. ఒక్క డ్రమ్ము కూడా పోలేదు. ఇవతల జనం చప్పట్లు కొట్టారు.

అవతల ఆయన చాలాసేపు లేవలేదు. నేతవాళ్ళు చుట్టూ మూగారు. లేపి కూర్చోబెట్టినప్పుడు చూశాం, కుడిచెయ్యి ఎర్రగా ఉంది. దవాఖాన ఇవతల ఉంది, ఆయన అవతల ఉన్నాడు, నడుమ వంతెన లేదు. 'ఇరుక్కునేటోడే సోంచాయించి ఇడుస్తడు' అన్న మాట నా చెవుల్లో తిరుగుతూనే ఉంది.

మూడు రోజులు వాగు తగ్గలేదు. ఆ మూడు రోజులు నేనెలా బతికానో నాకే తెలియదు. తెల్లవారగానే ఒడ్డుకు పోయేదాన్ని. ఆయన భార్య, కూతురు అప్పటికే అక్కడ ఉండేవాళ్ళు. అవతల రాతిస్తంభానికి ఆనుకుని గొంగడి కప్పుకుని కూర్చున్న మనిషి కనిపించేవాడు. మేం కనపడగానే ఎడమ చెయ్యి పైకెత్తేవాడు, బతికే ఉన్నానని. కూతురు కూడా చెయ్యి ఎత్తేది. నేను ఎత్తలేకపోయాను. రెండో రోజు సాయంత్రం చెయ్యి సగం మాత్రమే లేచింది. మూడో రోజు పొద్దున ఆయన కూర్చుని లేడు, పడుకుని ఉన్నాడు. నేతవాళ్ళలో ఒకడు ఆయన చెయ్యి పట్టి పైకెత్తి చూపించాడు. ఆయన భార్య అక్కడే కూలబడిపోయింది. నేను చేసిందే ఇదంతా అని ఆమెతో చెప్పాలని నోటిదాకా వచ్చింది. "ఏం కాదు పెద్దమ్మా, ఫికర్ చెయ్యకు" అని మాత్రం అన్నాను. నాలాంటి పిరికిదాన్ని నేనింతవరకు చూడలేదు.

మూడో రోజు మధ్యాహ్నం నీళ్ళు కొంచెం దిగగానే, మామూలుగా అయితే ఇంకా లాగని వేళ, నలభై మందికి బదులు నూరుమంది తాళ్ళు పట్టారు. వంతెన అవతలికి చేరింది. ఆయన్ని మంచం మీద మోసుకొచ్చి, జీపులో వరంగల్ పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. ప్రాణం దక్కింది. కుడిచేతి మూడు వేళ్ళు తీసేశారు.

నెల తర్వాత ఓవర్సీరు విచారణకు వచ్చాడు. పంచాయతీ ముందర బల్ల వేశారు. అప్పటికే ఊళ్ళ మధ్య నిప్పు రాజుకుంది. ముడిని దగ్గరగా చూసినవాళ్ళు అది నేతవాళ్ళు వేసే ముడి అన్నారు. ఇంకేం, సావుకారు పట్టుకున్నాడు. "మగ్గాలోళ్ళే కావాలని కట్టిన్రు. మా ఊరికి బిర్జి లేకుంట చేద్దామని" అన్నాడు. అంతటితో ఆగక, నూలు నాణ్యం గురించి తనతో పోట్లాడిన ఒక నేతాయన పేరు చెప్పాడు. పోలీసాయన ఆ నేతాయన వైపు ఒక అడుగు వేశాడు. నేను గుంపులో, ఆడవాళ్ళ వైపు ఉన్నాను. 'తప్పు చేసినవాళ్ళు చెయ్యెత్తండి, కొట్టను' అని రోజూ తరగతిలో అనేదాన్ని. చెయ్యెత్తినవాళ్ళను మెచ్చుకునేదాన్ని కూడా. నా చెయ్యి కొంగులోనే ఉండిపోయింది.

కట్టుకట్టిన చేత్తో పెద్దనాయిన లేచాడు. అలవాటు ప్రకారం గుసగుసగానే మాట్లాడాడు. ఓవర్సీరు ముందుకు వంగి వినాల్సి వచ్చింది.

"నేనే కట్టిన సారూ. చెక్క మార్సవోయే తొందర్ల కట్టిన. ముసలోన్ని, సూపు ఆనలే."

"ముడి ఏది? చూపించు."

"వాగుల వోయింది."

సావుకారు గొణిగాడు గాని, తప్పు తనదేనని ఆయనే ఒప్పుకున్నాక చేసేదేముంది? నేతాయనను వదిలేశారు. పెద్దనాయినను పని నుంచి తీసేశారు. ఆ సాయంత్రమే రాతిస్తంభం దగ్గర వేరే మనిషిని పెట్టారు. నా బోర్డు అక్కడే వేలాడుతూ ఉంది.

మర్నాడు బత్తాయిలు తీసుకుని వాళ్ళింటికి పోయాను. చెప్పేయాలనే పోయాను. దారిలో నాలుగుసార్లు మనసులో చదువుకున్నాను కూడా. ఆయన అరుగు మీద కూర్చుని, ఎడమ చేత్తో అన్నం కలపడానికి తంటాలు పడుతున్నాడు. మెతుకులు ఒళ్ళో పడుతున్నాయి. నన్ను చూసి నవ్వాడు.

"దా బిడ్డా. ఇప్పుడు నేను గూడ ఎడమచేతోన్నే అయిన. ఎడమచేత్తోని తింటె మీ నాయనమ్మ నిన్ను కొట్టిందా?"

"బాగా కొట్టింది పెద్దనాయినా."

"నన్ను కొట్టేటోళ్ళు ఎవలు లేరు. సూడు, ముద్ద ఎట్ల చెయ్యాలె? జర నేర్పు."

ఆయన పక్కన కూర్చుని, ఎడమ చేత్తో ముద్ద ఎలా చెయ్యాలో చూపించాను. రెండు ముద్దలు అయ్యాక, "పెద్దనాయినా, ఆ ముడి..." అన్నాను.

ఆయన నా ముఖం వంక చూడలేదు. కంచం వంకే చూస్తూ అన్నాడు, "ముచ్చట ఒడ్డు మీదనే పెట్టుకోవాలె బిడ్డా. నువ్వింకా బిర్జి మీదనే ఉన్నవ్. నడువు."

ఉద్యోగం పోయిన బాధలో ఏదో అంటున్నాడు, ఆ సంగతి ఎత్తడం ఇష్టం లేదు కాబోలు అనుకున్నాను. నిజం చెప్పాలంటే, చెప్పక తప్పించుకున్నందుకు లోలోపల ఊపిరి పీల్చుకున్నాను. ఆ తర్వాత ఏడేళ్ళు అదే వంతెన మీద నడిచాను. అరుగు మీద ఆయన కనిపించినప్పుడల్లా రెండు మాటలు మాట్లాడేదాన్ని, ఆ సంగతి మాత్రం మళ్ళీ ఎత్తలేదు. ఎప్పుడు చూసినా ఆయన ఒళ్ళో ఒక గుడ్డ ఉండేది, దాని కింద ఎడమ చెయ్యి ఏదో పని చేస్తూ ఉండేది. నన్ను చూడగానే గుడ్డ సర్దేవాడు. జపమాల తిప్పుతున్నాడేమో అనుకునేదాన్ని. తర్వాత సిమెంటు వంతెన వచ్చింది. డ్రమ్ములు ఎవరికి అందినవి వాళ్ళు పట్టుకుపోయారు. నాకు వరంగల్ బదిలీ అయింది, అప్పుడు అంతగా కోరుకున్న అదే బదిలీ.

పదకొండో దినం నాడు పోయాను. బస్సు ఇప్పుడు సిమెంటు వంతెన దాటి మగ్గాల ఊరిదాకా పోతోంది. భోజనాలయ్యాక కూతురు నన్ను లోపలికి పిలిచి, పాత ఎర్ర తువ్వాలలో చుట్టినది ఒకటి చేతిలో పెట్టింది. విప్పితే నారతాడు ముక్క, జానెడున్నర. ఒక కొస కొడవలితో కోసినట్టుంది. తాడులో ఇంకా వంపులున్నాయి. ఎక్కడెక్కడ తిరిగి, ఎక్కడ దూరి, ఎక్కడ బిగిసిందో కనిపిస్తూనే ఉంది. వంపులన్నీ ఎడమకే తిరిగాయి. ముడి మాత్రం లేదు.

"గిన్నేండ్లు దీన్నే పట్టుకోని కూసున్నడు అక్కా. కుడిచేతికి మిగిలిన రెండు వేళ్ళతోని అసలు రాలేదట. ఎడమచేతి ముడి ఎడమచేతికే వస్తదని, అన్నం తిన నేర్సినంక అందుకున్నడు. సావుకు నెల ముందు ఇప్పిండు. టీచరమ్మకు ఇయ్యి, ఇప్పిన అని చెప్పు అన్నడు. గంతే. ఏం ముడి అంటె చెప్పలే." ఆమె నా ముఖం వంక చూసింది. "ఏం ముడి అక్కా?"

చెప్పాను. అంగడి రోజు, కవరు, బోర్డు, విచారణలో కొంగులో ఉండిపోయిన చెయ్యి, అన్నీ. ఆమె వింటూ ఏడ్చింది, నేను చెబుతూ ఏడ్చాను. ఒకసారి కోపంగా చూసింది, అది నాకు న్యాయంగానే తోచింది. అంతా అయ్యాక లేచి, "చాయ్ పెడత, తాగి పో" అంది.

ఆమె పొయ్యి దగ్గరికి పోయింది. తాడు నా ఒళ్ళో ఉంది. తలుపులోంచి వచ్చే గాలికి దాని కొస ఊగింది. నా ఎడమ చెయ్యి దానంతటదే పోయి కొసను పట్టుకుంది. పట్టుకున్నదాన్ని చూసుకున్నాను. వదిలేశాను. చాయ్ వచ్చేదాకా అది అలాగే వేలాడుతూ ఉంది.